డాప్లర్ ఫలితం: నక్షత్రాల నుండి రక్తనాళాల దాకా

1845 జూన్ నెలలో హాలెండు దేశంలో ఒక విచిత్రమైన కచేరీ జరిగినది. యూట్రెక్ట్ పట్టణం దగ్గర రైలింజను లాగుతున్న బండి మీద బాకా ఊదేవారు కూర్చున్నారు. పట్టాల ప్రక్కన మంచి శ్రుతిజ్ఞానం గల సంగీతజ్ఞులు నిలబడినారు. బండి దగ్గరకు వస్తున్నప్పుడు బాకా స్వరం అసలు శ్రుతికన్న హెచ్చుగాను, దాటిపోయిన పిమ్మట తగ్గుగాను వారికి వినబడినది. అంతకుముందు ఫిబ్రవరిలో ఇదే ప్రయత్నం మంచుతుఫాను మూలంగా చెడిపోయినది. ఈ ప్రయోగం జరిపిన బాయ్స్ బాలట్ ధ్వని విషయంలో డాప్లర్ మాట నిజమని ఒప్పుకొన్నాడు గాని, నక్షత్రాల రంగుల విషయంలో ఒప్పుకొనలేదు. ఆయన సందేహం సరియైనదే.

క్రిస్టియన్ డాప్లర్ 1803లో సాల్జ్‌బర్గ్‌లో రాతిపనివారి ఇంట పుట్టినాడు. ప్రేగ్‌లో గణితం బోధించేవాడు. 1842 మే 25న అక్కడి శాస్త్ర పరిషత్తులో ఒక వ్యాసం చదివినాడు. జంట నక్షత్రాలలో మన వైపు వచ్చేది నీలి ఛాయతోను, దూరమయ్యేది ఎర్రని ఛాయతోను కనిపించునని అందులో వాదించినాడు. సూత్రం ఒప్పు, ఉదాహరణ తప్పు. కాంతి వేగంతో పోల్చితే ఆ నక్షత్రాల వేగం అత్యల్పం. వాటి రంగులలోని తేడాకు ముఖ్య కారణం ఉష్ణోగ్రత. 1853లో డాప్లర్ వెనిస్ నగరంలో ఊపిరితిత్తుల జబ్బుతో 49 ఏండ్లకే మరణించినాడు. తన సూత్రం రోగి పడక దగ్గరకు వస్తుందని ఆయన ఊహించి ఉండడు.

అది రావడానికి నూరేళ్లకు పైగా పట్టినది. మధ్యలో 1880లో క్యూరీ సోదరులు ఒక సంగతి కనిపెట్టినారు. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుత్తు పుడుతుంది. విద్యుత్తుతో అవే స్ఫటికాలను కంపింపజేసి, మన చెవికి అందని అతిధ్వనులను పుట్టించవచ్చును.

జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో షిగియో సటోమురా అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1955 ప్రాంతాన ఈ అతిధ్వనులను మనిషి గుండె మీదికి పంపినాడు. కదిలే కవాటాల నుండి మరలివచ్చిన తరంగాల పౌనఃపున్యం మారినది. ధమనుల నుండి కూడ ఒక విధమైన రొద వచ్చినది. రక్తం సుడులు తిరగడమే దానికి కారణమని మొదట తలచినారు. తరంగాలను వెనుకకు చెదరగొట్టేవి ఎర్రరక్తకణాలని ఆ పిమ్మట జపాన్ శాస్త్రజ్ఞులే తేల్చినారు.

విద్యార్థులు ఇక్కడ చిన్న లెక్క వేసి చూడవచ్చును. శరీర కండరాలలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది. సెకనుకు 40 లక్షల కంపనలు గల అతిధ్వనిని, సెకనుకు అరమీటరు వేగంతో ఎదురు వస్తున్న రక్తం మీదికి పంపినామనుకొందాం. కణం తరంగాన్ని అందుకొనేటప్పుడు ఒకసారి, తిప్పి పంపేటప్పుడు ఇంకొకసారి మార్పు కలుగుతుంది, కాబట్టి రెండింతలు. మొత్తం తేడా సెకనుకు సుమారు 2600 కంపనలు. ఇది మన చెవి వినగల ధ్వనే! పంపినది వినబడదు, వచ్చినది వినబడదు, వాటి మధ్య తేడా మాత్రం చక్కగా వినబడుతుంది. అందుచేత తొలి పరికరాలకు తెర అవసరం లేకపోయినది, ఒక లౌడుస్పీకరు చాలినది.

సటోమురా 1960లో మెదడు చుట్టూ రక్తస్రావమై మరణించినాడు. అటువంటి రోగుల మెదడు ధమనులు ముడుచుకొనిపోవడాన్ని కపాలం పైనుండే కనిపెట్టగల డాప్లర్ పద్ధతిని 1982లో ఆస్లిడ్ ప్రకటించినాడు.

అమెరికాలోని సియాటిల్‌లో ఫ్రాంక్లిన్, రష్మర్ ప్రభృతులు 1961లో రక్తప్రవాహాన్ని ఈ విధంగానే కొలిచినారు. 1964లో తల్లి కడుపులోని శిశువు గుండె చప్పుడును కూడ ఈ పద్ధతితో పట్టినారు.

కాని గుండె కవాటాల రోగులకు కలిగిన మేలు అన్నిటికన్న గొప్పదని నా అభిప్రాయం. కవాటం ఎంత ఇరుకైనదో తెలియాలంటే రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని గుండెలోనికి దూర్చవలసి వచ్చేది. అది రోగికి కష్టం, కొంత ప్రమాదం కూడ. 1970 తరువాత నార్వే దేశంలో లివ్ హాట్లే అనే హృద్రోగ వైద్యురాలు మొదలైనవారు పాత బెర్నౌలీ సూత్రాన్ని దీనికి జోడించినారు. ఇరుకు దారిలో నీరు వేగంగా పారినట్లే రక్తమూ పారుతుంది. ఆ వేగాన్ని సెకనుకు మీటర్లలో కొలిచి, దాని వర్గాన్ని నాలుగుతో గుణిస్తే, కవాటానికి ఇరుప్రక్కల గల పీడనభేదం పాదరసపు మిల్లీమీటర్లలో వస్తుంది. వేగం 4 మీటర్లైతే పీడనభేదం 64. బృహద్ధమని కవాటంలో ఈ వేగం కనబడితే ఇరుకు తీవ్రమైనదని లెక్క. చర్మానికి గాటు పడకుండా శస్త్రచికిత్స సంగతి ఆలోచించవచ్చును. డేనియల్ బెర్నౌలీ కూడ వైద్యం చదివినవాడే!

1980 దశకంలో జపాన్ వారు ప్రవాహాన్ని తెర మీద రంగులలో చూపినారు. పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఇక్కడ తికమక పడరాదు. వాడుకలో ట్రాన్స్‌డ్యూసర్ వైపు వచ్చే రక్తానికి ఎరుపు, దూరమయ్యే రక్తానికి నీలం వేస్తారు. డాప్లర్ నక్షత్రాలకు చెప్పినదానికి ఇది సరిగా తలక్రిందులు. ఇవి నిజమైన రంగులు కావు, యంత్రం వేసే గుర్తులు; మీట నొక్కి మార్చవచ్చును. ఎరుపు ధమని అనీ, నీలం సిర అనీ కూడ అనుకొనరాదు. ప్రవాహానికి సరిగా లంబంగా తరంగం తగిలితే తేడా సున్న అవుతుంది. రక్తం పారుతున్నా నాళం నల్లగానే కనబడుతుంది. పరీక్ష చేసే వైద్యుడు పరికరాన్ని అటూ ఇటూ వంచి చూడటం అందుకే.