అరుణాచలంలో తెలుగు వెణ్బా: ఏకాత్మ పంచకం

తిరువణ్ణామలైతో తెలుగువారి సంబంధం ఈనాటిది కాదు. అక్కడి పదకొండంతస్తుల రాజగోపురాన్ని శ్రీకృష్ణదేవరాయలు మొదలుపెట్టించగా తంజావూరు నాయకుడు సేవప్ప పూర్తి చేయించాడు. మేమిక్కడ చెప్పదలచింది మాత్రం రాతికట్టడం గురించి కాదు, అయిదు చిన్న పద్యాల గురించి.

1947 ఫిబ్రవరిలో శ్రీ రమణ మహర్షి ‘ఏకాత్మ పంచకం’ రచించారు. ఆయన స్వతంత్ర రచనల్లో ఇదే చివరిది. తిరుచ్చుళిలో పుట్టి మదురైలో చదివిన ఆయన మాతృభాష తమిళం. అయినా ఈ పద్యాలు ముందు తెలుగులో పుట్టాయి, ఆ తర్వాతే తమిళమయ్యాయి. రెండూ ఆయన చేతివే. ఇంతకంటె విశేషమేమంటే, తెలుగు మాటలను ఆయన కూర్చింది ఆటవెలదిలోనో తేటగీతిలోనో కాదు, తమిళుల వెణ్బాలో. శంకరాచార్యుల పేర ‘ఆత్మ పంచకం’ అప్పటికే ఉన్నందున దీనికి ‘ఏకాత్మ’ అని పేరు పెట్టారు.

అడిగి రాయించినది సూరి నాగమ్మగారు. 1902లో గుంటూరు జిల్లా కొలనుకొండలో పుట్టి, చిన్ననాడే తల్లిదండ్రులనూ, వెంటనే భర్తనూ పోగొట్టుకుని, బడి ముఖం చూడకుండా ఇంట్లోనే తెలుగు అక్షరాలు నేర్చిన మనిషి. 1941లో అరుణాచలం చేరారు. 1945 నవంబరు నుంచి మహర్షి సన్నిధిలో చూసిందీ విన్నదీ అన్నగారికి ఉత్తరాలుగా రాశారు. అవే శ్రీ రమణాశ్రమ లేఖలు. వాడుక తెలుగు వచనం ఎలా ఉండాలని మా విద్యార్థులు అడిగినప్పుడల్లా మేము ఆ లేఖలనే చూపిస్తుంటాము.

వెణ్బా సులభమైన ఛందస్సు కాదు. నాలుగు పాదాల వెణ్బాలో చివరి పాదం ఒక గణం కురచ. ఒక గణం ఎలా ముగిసిందనే దాన్నిబట్టి తర్వాతి గణం ఎలా మొదలుకావాలో నిర్ణయమవుతుంది. మన గురులఘువుల లెక్క అక్కడ నేరుగా పనిచేయదు, నేరసై, నిరైయసై అని వారి కొలతలు వేరు. తెలుగు మాటలు చాలామటుకు అచ్చుతో ముగుస్తాయి. తమిళ మాటలకు హల్లుతో ముగియడం సహజం. ఆ భాష కోసం కుట్టిన చొక్కాను ఈ భాషకు తొడగడమంటే కొలతలన్నీ మళ్లీ చూసుకోవలసిందే. ఒక్క సౌకర్యం ఉన్నది: వారి ఎదుగై మన ప్రాసకు దగ్గరి చుట్టం, రెండూ పాదంలోని రెండో అక్షరాన్నే పట్టుకుంటాయి.

ఇక లోపలి సంగతి. దేహమే తాననుకోవడం, తాను ఎవరో తెలిసినప్పుడు కలనుంచి మేల్కొన్నట్లుండడం, బంగారాన్ని విడిచి నగ ఉండకపోవడం, ఇవి వేదాంత గ్రంథాల్లో ఎప్పటినుంచో ఉన్నవే. తాను ఆత్మగా ఉంటూనే ‘నేనెవరు, ఎక్కడున్నాను’ అని అడిగేవాణ్ణి తాగినవాడితో పోల్చడంలో కొంత హాస్యం కూడా ఉన్నది. కాని మమ్మల్ని ఆపేది మూడో పద్యం. అందులో సినిమా తెర వస్తుంది. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. పదిహేనేళ్లలో ఆ తెర అద్వైత పద్యంలోకి ఎక్కింది. చైతన్యం ఈ దేహంలో ఎక్కడో ఉందని మనం వెతుకుతాము. దేహమే చైతన్యంలో కనబడుతున్నదని ఆయన అంటారు. బొమ్మలు ఆడేది తెర మీద, తెర బొమ్మలో ఇమిడి లేదు. తాడు పాము ఉపమానం భ్రాంతి ఎలా కలుగుతుందో చెబుతుంది. తెర ఉపమానం మరో మాట కలుపుతుంది: బొమ్మలోని నిప్పు తెరను కాల్చదు, నీరు తడపదు.

భాషాశాస్త్రం చదివినవారిగా మాకు ఇంకొకటి ముఖ్యం. 1928 నాటి ‘ఉళ్ళదు నార్పదు’ను మహర్షే తెలుగు వచనంగా ‘ఉన్నది నలుబది’ అన్నారు. బొబ్బిలి దగ్గరి కలవరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని, 1907లో ఆయనకు రమణ మహర్షి అని పేరు పెట్టిన పండితుడే, దాన్ని సంస్కృతంలో ‘సద్దర్శనం’ చేశారు. సంస్కృతంలో ‘సత్’ పదార్థాన్ని చెప్పే నామంలా నిలబడుతుంది. మన ‘ఉన్నది’ అలా కాదు. ‘ఇంట్లో పిల్లి ఉన్నది’ అంటే క్రియ, ‘ఉన్నది ఒక్కటే’ అంటే నామం. తమిళ ‘ఉళ్ళదు’ కూడా అచ్చంగా ఇంతే. ఉండడమూ ఉన్న వస్తువూ వేరు కావని చెప్పడానికి ఈ రెండు భాషల్లో వ్యాకరణమే సగం దారి వేసిపెట్టింది.

‘చిత్’ సంగతీ అలాంటిదే. తమిళంలో అఱివు, తెలుగులో ఎఱుక, రెండూ ఒకే మూల ద్రావిడ ధాతువు పిల్లలు. ఉన్నదాన్ని ఎరగడానికి దానికి బయట మరో ఎరుక ఉండాలంటే, ఆ ఎరుక ఉన్నదో లేదో చెప్పాలి. లేదంటే ఎరగజాలదు, ఉందంటే అదీ ఉన్నదానిలోనిదే. అందుకని ఉన్నదీ ఎరుకా రెండు కావు. రమణుల ఉపదేశానికి ఇది నడుమ స్తంభం. మన అచల సంప్రదాయంవారు మాత్రం ఎరుకనే వదలవలసినదిగా చెప్పి ‘బయలు’ను నిలుపుతారు. మాట ఒకటే, తూకం వేరు. తెలుగు వేదాంతం చదివేవారు ఈ తేడా మరవకూడదు.

మా తరగతుల్లో తమిళనాడు తెలుగు పిల్లలు తమ తెలుగు కలగాపులగమని సిగ్గుపడుతుంటారు. ఏకాత్మ పంచకాన్ని గణవిభజన చేయమని హైదరాబాదులో బి.ఏ. తెలుగు చదివినవారికిస్తే తికమకపడతారు. ఈ పిల్లలకు వెణ్బా బడిలోనే పరిచయం. అందుచేత ఈ సంవత్సరం వ్యాసరచనకు మేము ఇచ్చే పని ఇది: అయిదు పద్యాల తెలుగు, తమిళ పాఠాలను పక్కపక్కన పెట్టి, గణం కోసం మహర్షి ఎక్కడ మాట మార్చారో, అర్థం కోసం ఎక్కడ గణాన్ని సాగదీశారో గుర్తించి రాయండి. తమిళ పాఠాన్ని ఇంట్లో పెద్దలచేత పైకి చదివించుకోండి. వెణ్బా నడక చెవికి తెలిసినంతగా కంటికి తెలియదు.