పృచ్ఛకుడి ఎదుట ప్రోగ్రామర్

క్రోసూరు నుంచి ఇంజనీరింగ్ ముగించుకుని ఉద్యోగానికి బయల్దేరే కుర్రాళ్లు లైవ్ కోడింగ్ ఇంటర్వ్యూని అమెరికా కంపెనీలు తెచ్చిపెట్టిన కొత్త బెడద అనుకుంటారు. అడ్డు తగిలేవాడి ఎదుటే అప్పటికప్పుడు కట్టి చూపించే పరీక్ష మన నేలకు పాతదే. పాత నరసరావుపేట తాలూకా కొప్పరం నుంచి వేంకట సుబ్బరాయకవి (1885–1932), వేంకట రమణకవి (1887–1942) కొప్పరపు కవులుగా సభలకెక్కింది ఇలాంటి విద్యతోనే. ఈ విద్యే అవధానం; అందులో పద్యం ఎంత ముఖ్యమో, అది తయారయ్యే తీరు అంత ముఖ్యం.

అవధానంలో ఒక అంశమైన నిషిద్ధాక్షరినే చూడండి. అవధాని ‘శ్రీ’ అన్నాడనుకుందాం. ‘రామ’ వస్తుందని ఊహించి, ఎదుట కూర్చుని అడిగే పృచ్ఛకుడు ‘ర’ నిషేధిస్తాడు. గణం చెడకుండా, అర్థం తప్పకుండా అవధాని వెంటనే మరో అక్షరం అందుకోవాలి. ఇంట్లో రాసుకొచ్చిన పద్యం అక్కడే ఆగిపోతుంది. ‘ఈ జాబితా మెమరీలో పట్టనంత పెద్దదైతే?’ అని ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న కూడా అలాంటి నిషేధమే. దాన్ని దాడి అనుకుని బిగుసుకుపోకుండా దారి మార్చాలి. ఇచ్చిన పదాలతో పద్యం కట్టే దత్తపదిలో పదాలు, వస్తువు ముందే తేలినట్టు, ఇన్‌పుట్ ఖాళీగా రావచ్చా, ఒకే అంకె రెండుసార్లు ఉండొచ్చా అని మొదటే అడిగి తేల్చుకోవాలి. ఆలోచన పైకి చెప్పాలి. మౌనంగా టైప్ చేసుకుపోతే ఎదుటివాడు సాయం చేయాలన్నా చేయలేడు. పృచ్ఛకుడిచ్చిన సమస్యను అవధాని ఆవృత్తికొక పాదంగా, అంటే చుట్టుకొక పాదంగా, పూరించినట్టే, ముందు మామూలు పద్ధతిలో రాసి, పనిచేస్తుందని చూపి, ఆపైన వేగం సంగతి చూసుకోవచ్చు. సంబంధం లేని మాటలతో అవధాని ధ్యాస చెదరగొట్టే అప్రస్తుత ప్రసంగి పని ఇప్పుడు మధ్యమధ్య తెగే నెట్ కనెక్షన్ చేస్తోంది లెండి.

కొప్పరపు కవులు గంటకు వందల పద్యాలు చెప్పారు, వేగమే గొప్ప కదా అనవచ్చు. అది అవధానం కాదు, ఆశుకవిత్వం, అక్కడ అక్షరానికొకసారి అడ్డుపడేవారు లేరు. ఇంటర్వ్యూల్లో బట్టీ పట్టినవాళ్లే నెగ్గుతున్నారంటారా, అవధానికీ నోటికొచ్చిన పద్యాలు లెక్కలేనన్ని. ఆ సాధన వల్ల నాలుకకు ఛందస్సు పడుతుంది, అంతవరకే.

గట్టి అభ్యంతరం మరొకటి: ఉద్యోగంలో నెత్తిన కూర్చుని ఎవరూ కోడ్ రాయించరు. ఇది ఒప్పుకోవాల్సిందే. తిరుపతి వేంకట కవులు అవధానాలతో ఊరూరా పేరు తెచ్చుకున్నా, జనం నోట నిలిచినవి వారు రాసిన పాండవోద్యోగ విజయాల నాటక పద్యాలు. నలుగురి ముందు తడబడే మంచి ప్రోగ్రామర్‌ను ఈ పరీక్ష జారవిడుస్తుంది. అందుకే కొన్ని కంపెనీలు ఇంటి దగ్గర చేసుకొచ్చే పని ఇచ్చి చూశాయి. ఏఐ వచ్చాక అది ఎవరు రాశారో తేల్చలేక మళ్లీ ఎదురుగా కూర్చోబెడుతున్నాయి.