పిల్లని ఊరుకోబెట్టిన చరిత్ర

పిల్ల పేచీ పెడుతోంది అంటాం. ఈ 'పేచీ' పుట్టుకకి తెలుగు మాట కాదు. పారశీకంలో పేచ్ అంటే మెలిక. హిందుస్తానీ మీదుగా మనదాకా వచ్చేసరికి తగాదా అయింది. హైదరాబాదులో సంక్రాంతికి గాలిపటాల దారాలు ఒకదానికొకటి చుట్టుకుంటే 'పేంచ్' పడిందంటారే, అదీ ఈ మాటే. రెండున్నరేళ్ళ పిల్లని చంకనేసుకుని బయటికెళ్ళిన వాళ్ళకి దీని అసలు అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. ఆటో ఎక్కనంటుంది, ఎక్కాక దిగనంటుంది. నీళ్ళు కావాలంటుంది, ఇస్తే ఆ గ్లాసులో వద్దంటుంది. ఎత్తుకుంటే దించమని, దించితే ఎత్తుకోమని. ఒళ్ళంతా విల్లులా వంచేసి గుక్కపట్టిందంటే చుట్టుపక్కల వాళ్ళందరూ పిల్లని చూడరు, తల్లిని చూస్తారు.

ఆ చూపు నాకు బాగా అలవాటైపోయింది. మా చిన్నదానితో ఆదివారాలు బయటికి వెళ్ళడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఒక ప్రశ్న మాత్రం వదలడం లేదు. మా అమ్మమ్మల కాలంలో ఏం చేసేవాళ్ళు? పిల్లని ఊరుకోబెట్టడానికి చరిత్రంటూ ఉంటుందా? వెతికితే ఉంది. కాకపోతే రాజుల శాసనాల్లో కాదు. మందు సీసాల మీద, ఫ్యాక్టరీ చట్టాల్లో, రైలు టిక్కెట్ల నిబంధనల్లో ఉంది.

ఇంటి సామగ్రితో మొదలుపెడతాను. ఉగ్గుగిన్నె, వసకొమ్ము, చీర ఉయ్యాల, గిలక్కాయ, చందమామ, బూచాడు. మన ఇళ్ళల్లో చాలాకాలం ఈ పనికి వాడింది ఇవే. వస అరగదీసి నాలిక్కి రాస్తే మాటలు బాగా వస్తాయని నమ్మకం. గలగలా మాట్లాడే పిల్లని వసపిట్ట అనడం అక్కణ్ణుంచే. (ఆ వసనే అమెరికా 1968లో ఆహారపదార్థాల్లో వాడకూడదని నిషేధించింది. అత్తయ్యకి ఈ సంగతి చెబితే, "మరి మీ ఆయనకి రాశాం, ఏమయ్యాడు?" అన్నారు. ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.) చందమామ కోసం మారాం చేసిన బాలరాముడికి అద్దంలో చందమామని చూపించి ఊరుకోబెట్టిన కథ మనవాళ్ళందరికీ తెలిసిందే. చేతికందనిదాన్ని చేతిలో పట్టే ఒక మెరిసే పలకలోకి దింపి పిల్లాడి ముందు పెట్టడం. ఇప్పుడు ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఇంకేదో గుర్తొస్తుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

బూచాడి సంగతి కూడా చిన్నది కాదు. భయపెట్టి నిద్రపుచ్చడం ప్రపంచమంతటా ఉంది. నెపోలియన్ కాలంలో ఇంగ్లండు తల్లులు పిల్లల్ని అతని పేరు చెప్పి బెదిరించేవారు. బెంగాలీల జోలపాటల్లో ఒకదానిలో 1740లలో మరాఠా దళాలు చేసిన దాడుల జ్ఞాపకం ఈనాటికీ ఉంది. పిల్లాడు పడుకోవాలి, శత్రువు ఊరిమీద పడ్డాడు, కప్పం ఎలా కట్టాలి అన్న దిగులు ఆ పాటలో ఉంది. అంటే జోలపాట పిల్లలకోసమే కాదు. పాడే మనిషి తన బాధ చెప్పుకోడానికి దొరికిన కాస్త తీరిక కూడా అదే.

ఇవన్నీ ఇంట్లో పనిచేసే సాధనాలు. గడప దాటితే ఏమిటి? ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దాదాపు వందమంది పరివారం. 'కాశీయాత్ర చరిత్ర' చదువుతుంటే నాకు ముందుగా కొట్టొచ్చినట్టు కనిపించింది, ఆ ప్రయాణానికి టైంటేబుల్ లేకపోవడం. మజిలీ, విడిది, వంట, మళ్ళీ నడక. అటువంటి ప్రయాణంలో పిల్ల ఏడిస్తే పల్లకీ ఆగుతుంది. ఎత్తుకోడానికి పది చేతులుంటాయి. తిరనాళ్ళయినా, పెళ్ళికి తరలివెళ్ళడమైనా అంతే. బండెడు జనం, గోల, ఆరుబయలు. ఆ గోలలో ఒక పిల్ల ఏడుపు ఎవరికి వినబడుతుంది?

రైలు వచ్చాక సంగతి మారింది. దక్షిణాదిన మొదటి రైలు 1856లో రాయపురం నుంచి ఆర్కాటు వైపు నడిచింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకి లైను పడింది. రైలు పిల్ల కోసం ఆగదు. పక్కన కూర్చున్నది మేనత్త కాదు, ఎవరో తెలియని మనిషి. ఏడుపు 'ఇబ్బంది' అయింది ఇలాంటి చోట్లే అని నా అనుమానం. రైల్వేవారి నిబంధన చూడండి, ఐదేళ్ళలోపు పిల్లలకి టిక్కెట్టు లేదు. ఉదారంగానే ఉంది. కానీ దాని ఇంకో అర్థం, ఆ పిల్లకి చోటు కూడా లేదని. ఆమె చోటు తల్లి ఒడి. అందుకే మన రైళ్ళలో ఒక బెర్తు గొలుసు నుంచి ఇంకో బెర్తు గొలుసుకి చీర కట్టి ఉయ్యాల వేస్తారు. ఏ ఇంజనీరూ గీయని డిజైను అది. రాత్రిపూట తల్లీబిడ్డలిద్దరికీ ఒక బెర్తు చాలదన్న సంగతి అధికారికంగా గుర్తించి, కింది బెర్తుకి తగిలించే చిన్న మడత బెర్తుని లక్నో మెయిల్లో ప్రయోగాత్మకంగా పెట్టింది 2022 మే నెలలో. మొదటి రైలు నడిచాక నూటయాభై ఏళ్ళు దాటాక.

రైలుతోపాటే మిల్లులొచ్చాయి. చరిత్రలో నాకు చదవడం కష్టమైన భాగం ఇదే.

ఇంగ్లండులో పారిశ్రామిక నగరాల్లో తల్లులు పనికి వెళ్తూ పిల్లలకి గాడ్‌ఫ్రేస్ కార్డియల్ అనే తియ్యటి మందు పట్టేవారు. అందులో నల్లమందు. 1845లో ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికుల స్థితిగతుల మీద రాసిన పుస్తకంలో దీన్ని పేరుపెట్టి ప్రస్తావించాడు. అమెరికాలో 1849 నుంచి అమ్మిన మిసెస్ విన్స్‌లోస్ సూదింగ్ సిరప్‌లో ఉన్నది మార్ఫిన్. ప్రకటనల్లో మాత్రం ముద్దొచ్చే పిల్లలు, చిరునవ్వుల తల్లులు. సీసా మీద మార్ఫిన్ ఉందని రాయక తప్పని చట్టం 1906లో గానీ రాలేదు. నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ 1851లో తయారుచేసిన గ్రైప్‌వాటర్ వీటితో పోలిస్తే చాలా నయం. సోయికూర నూనె, సోడా, పంచదార, కొంచెం ఆల్కహాలు. ఆ ఆల్కహాలు తర్వాతి కాలంలో తీసేశారు. మన ఇళ్ళల్లో ఆ సీసా లేని అల్మరా అరుదు కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను.

బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే స్త్రీల దగ్గర ఉన్నది గ్రైప్‌వాటర్ కాదు, 'బాలగోలీ'. నల్లమందు కలిపిన చిన్న మాత్ర. 1920ల మొదట్లో అక్కడి ప్రభుత్వం తరఫున డాక్టర్ బార్న్స్ అనే వైద్యురాలు విచారణ జరిపి, మిల్లుల్లో పనిచేసే తల్లుల పిల్లల్లో 98 శాతం మందికి నల్లమందు పెడుతున్నారని నివేదించింది. ఆ అంకె దగ్గర కాస్త ఆగాలి. నూటికి తొంభై ఎనిమిది మంది తల్లులు చెడ్డవాళ్ళు కావడం సాధ్యమయ్యే పనేనా? పది గంటల పని. ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి లేదు. ఊరి నుంచి వలస వచ్చినప్పుడు ఆ పది చేతులూ ఊళ్ళోనే ఉండిపోయాయి. మిల్లు జీతానికి తీసుకుంది రెండు చేతులనే.

దీనికి మందు ఉపన్యాసాల్లో దొరకలేదు. విట్లీ అధ్యక్షతన కూర్చున్న కార్మిక రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదిక ఫ్యాక్టరీల్లో శిశుగృహాలు పెట్టాలంది. 1934 చట్టం వాటికోసం నిబంధనలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకి ఇచ్చింది. స్వతంత్రం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టంలో 48వ సెక్షన్ యాభైమందికి మించి స్త్రీలు పనిచేసేచోట, ఆరేళ్ళలోపు పిల్లలకోసం శిశుగృహం ఉండి తీరాలంది. 1976లో ఆ సంఖ్యని ముప్ఫైకి తగ్గించారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరిస్తూ, యాభైమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకీ ఈ బాధ్యత పెట్టారు. పిల్ల ఏడుపు గురించి మన దేశంలో రాసిన అన్ని మాటల్లోకీ నాకు ఈ సెక్షన్లే విలువైనవిగా తోస్తాయి. ఎందుకంటే వీటిలో, పిల్ల ఏడిస్తే తల్లిని ఏం చేయాలి అని కాక, ఆ పిల్లకి చోటెక్కడ అని అడిగారు.

ఇక సినిమా హాలు. మూకీల కాలంలో ఎవరు ఎంత మాట్లాడుకున్నా, ఎవరి పిల్ల ఎంత ఏడ్చినా కథకి నష్టం లేదు. 1932లో 'భక్తప్రహ్లాద'తో తెలుగు తెర మాట్లాడటం మొదలుపెట్టాక హాల్లో నిశ్శబ్దం అవసరమైంది. (తండ్రి మాట ససేమిరా విననన్న మొండిపిల్లాడి కథతోనే మన టాకీ మొదలవడం నాకు భలే నచ్చుతుంది.) ఆ శబ్దాల యుగంలోనే ఇంగ్లండు, అమెరికాల్లో కొన్ని హాళ్ళలో అద్దాలగది కట్టి, పిల్లల తల్లులు అందులో కూర్చుని సినిమా చూసే ఏర్పాటు చేశారు. తిరువనంతపురంలో ప్రభుత్వ ఆధ్వర్యంలోని కైరళి థియేటర్ల సముదాయంలో అలాంటి గది 2022లో వచ్చింది. మనకి నేల టిక్కెట్టు కాలంలో ఆ అవసరం అంతగా తెలియలేదు. ఇసకలో కూర్చున్న పిల్లలు ఇసకతో ఆడుకునేవారు, నిద్రొస్తే అక్కడే పడుకునేవారు. మల్టీప్లెక్సు కుర్చీలో ఆ వీలు లేదు.

తోపుడుబండి కథ కూడా ఇలాంటిదే. 1733లో విలియం కెంట్ ఒక డ్యూకు పిల్లలకోసం మేకో, పొట్టిగుర్రమో లాగే బండి చేశాడంటారు. అది జమీందారీ సరదా. మామూలు కుటుంబాలకి పనికొచ్చిన మార్పు 1965లో జరిగింది. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన ఓవెన్ మెక్లారెన్, కూతురు బరువైన బండితో విమానప్రయాణం చేస్తూ పడ్డ అవస్థ చూసి, గొడుగులా ముడుచుకునే అల్యూమినియం బండి తయారుచేశాడు. నాకూ ఒకటుంది. మా వీధి చివరిదాకా కూడా వెళ్ళదు. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన కొబ్బరిబోండాల బండి, ఆ తర్వాత ఫుట్‌పాతే లేదు. విమానం చక్రాలు మడిచినవాడి తెలివి కూడా మన మునిసిపల్ రోడ్డు ముందు పనిచేయదు. కాబట్టి మళ్ళీ చంకే.

ఇన్నిటి తర్వాత అద్దంలో చందమామ దగ్గరికి వస్తాను. మొన్నొక హోటల్లో మా చిన్నది ఇడ్లీ ముక్క విరిగిపోయిందని గుక్కపెట్టింది. విరిగినదాన్ని అతికించమంటుంది. పక్క బల్ల దగ్గరి పెద్దాయన, మంచి మనిషే, "ఫోన్ ఇవ్వండమ్మా, ఊరుకుంటుంది" అన్నారు. ఊరుకుంటుంది, నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం ఏడాది పిల్లలకి తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంటకి మించకూడదు, ఇంకా తక్కువైతే మంచిది. ఫోన్ నల్లమందు అని నేను అనను. అలా పోలిస్తే ఆ మిల్లుల పిల్లలకి జరిగిన హాని చిన్నబోతుంది. కానీ రెండింటి వెనకా ఉన్న పరిస్థితి ఒకటే. చేతులు తక్కువ, చోటు లేదు, చుట్టూ ఉన్నవాళ్ళకి ఓపిక లేదు, మాట పడేది మాత్రం తల్లి. ఫోన్ ఇస్తే "ఈ కాలం తల్లులు" అంటారు, ఇవ్వకపోతే "ఏమిటమ్మా ఆ ఏడుపు" అంటారు.

ఇలా చూస్తే హైదరాబాదులో నాకు ఇష్టమైన చోట్లు ఏవో, ఎందుకో తెలుస్తుంది. 1963లో తెరిచిన జూపార్కులో పిల్ల ఏడిస్తే ఎవరూ తిరిగి చూడరు. అక్కడ అంతకంటే గట్టిగా అరిచేవాళ్ళున్నారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం ముందు గంట కొట్టేవేళకి జనం వచ్చి కూర్చుంటారు. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికెళ్ళిపోతుంది. ఆ కాసేపూ పిల్లలూ పెద్దలూ ఒకే వైపు చూస్తారు. పిల్లకి నచ్చక అరిచినా పరిగెత్తే చోటుంది, తెలియని ఆడవాళ్ళు పేరడిగి నవ్విస్తారు. వీరాస్వామయ్య పరివారంలో ఉండే పది చేతులు నాకు ఇలాంటి చోట్ల అప్పుడప్పుడు దొరుకుతుంటాయి.

రెండున్నరేళ్ళ పిల్ల పేచీ ఆమె ఎదుగుదలలో భాగం. కావలసింది చాలా ఉంటుంది, చెప్పడానికి మాటలు కొన్నే ఉంటాయి. అది మూడొందల ఏళ్ళ కిందటా అంతే, ఇప్పుడూ అంతే. మారింది ఏడుపు కాదు, అది వినబడే చోట్లు. కాబట్టి ఈసారి బస్సులో పక్క సీట్లో పిల్ల గుక్కపెడితే, సలహా చెప్పేముందు ఆ సంచీ కాసేపు పట్టుకుంటానని అడిగి చూడండి.