ఫట్‌ఫటీ ఇంజను: మొదటి 500 మైళ్లు

ఢిల్లీలో 1950 నుంచి 1998 దాకా ఎప్పుడు ఉద్యోగం చేసినవారికైనా ఫట్‌ఫటీని పరిచయం చేయనక్కరలేదు. మిగతా సభ్యుల కోసం నాలుగు మాటలు చెబుతాను. ముందు సగం మోటారుసైకిలు, వెనుక సగం రేకు టాపు వేసిన పెట్టెబండి. ఎదురెదురుగా రెండు బల్లలు. ఆరుగురికి చోటు, ఎక్కేది ఎనిమిది మంది. కరోల్‌బాగ్ నుంచి కన్నాట్ ప్లేస్‌కు, అక్కడి నుంచి చాందినీ చౌక్ వైపుకు తిరిగేవి. బస్సు కోసం నిలబడే ఓపిక, ఆటోకు ఇచ్చే డబ్బు రెండూ లేని మా వంటి గుమాస్తాలకు అదే రథం. నడిపేవారిలో ఎక్కువమంది సర్దార్జీలు.

పాత వాహనాల గురించి ఏదైనా రాయమని సంపాదకవర్గం కోరినప్పుడు నాకు మొదట తట్టింది ఇదే. ఆ ఇంజను అన్నేళ్లు ఎలా బతికిందన్నదే నేను రాయదలచిన సంగతి. ఉద్యోగంలో చేరకముందు రెండేళ్లు లేతు షాపులో పనిచేసినవాణ్ని కనుక, 1970లలో కరోల్‌బాగ్‌లో గది తీసుకుని ఉన్నప్పుడు సెలవు రోజుల్లో సందు చివర ఉన్న ఇంజన్ల షాపులో కూర్చునేవాణ్ని. షాపు పెద్దాయనను అందరూ ఉస్తాద్ అనేవారు. నన్ను ఆయన బాబూజీ అనేవాడు. ఇక్కడ రాసిన దానిలో సగం ఆయన చేతులు చూసి నేర్చుకున్నదే.

ఫట్‌ఫటీ ముందు సగం అమెరికాలో పుట్టింది. మిల్వాకీలో 1903లో మొదలైన హార్లే డేవిడ్‌సన్ కంపెనీ, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి డబ్ల్యు.ఎల్.ఏ. అనే మోడలు తయారుచేసింది. కెనడా సైన్యానికి ఇచ్చినవాటితో కలిపితే సుమారు 90,000 బళ్లు. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలినవాటిని డిస్పోజల్స్ కింద అమ్మేశారు. 1947లో దేశ విభజన జరిగి, పశ్చిమ పంజాబు నుంచి సర్వం పోగొట్టుకుని ఢిల్లీ చేరిన శరణార్థులలో కొందరు వీటిని చవకగా కొన్నారు. వెనుక ఫ్రేము కోయించి, ఇరుసు, రెండు చక్రాలు, పెట్టె బిగించి బతుకుతెరువు చేసుకున్నారు. ఇంజను కేసు ఎడమ పక్కన 42 డబ్ల్యు.ఎల్.ఏ. అని గుద్దిన నంబరు నేను చాలా బళ్ల మీద చదివాను. ఆ 42 చూసి అన్నీ 1942లో తయారయ్యాయనుకోకూడదు. ఆ తరువాతి ఏళ్లలో చేసినవాటికీ అదే ముద్ర వేశారు.

దీని ఇంజను వి-ట్విన్. అంటే రెండు సిలిండర్లు ఇంగ్లీషు ‘వి’ అక్షరంలాగా 45 డిగ్రీల కోణంలో నిలబడి ఉంటాయి. ఈ ఏర్పాటు అంతకన్నా పాతది. జర్మనీలో డైమ్లర్, మేబాక్ 1889 నాటికే వి ఆకారపు ఇంజను చేశారు. హార్లేలో ఒక సిలిండరు ముందుకు, ఒకటి వెనక్కు ఉంటాయి. రెండు కనెక్టింగ్ రాడ్లూ ఒకే క్రాంక్ పిన్ను మీద కూర్చుంటాయి. అందుచేత పేలుళ్లు సమానమైన ఎడంలో రావు. ఒకటి 315 డిగ్రీలకు వస్తే మరొకటి 405 డిగ్రీలకు వస్తుంది. ఆ కుంటి నడక శబ్దమే ఢిల్లీ జనం నోట ‘ఫట్ ఫట్’ అయింది. ఇంజను మొత్తం 740 సి.సి. వాల్వులు తలమీద కాకుండా సిలిండరు పక్కన ఉంటాయి. కంప్రెషను తక్కువ కనుక నాసిరకం పెట్రోలు పోసినా సర్దుకుపోయేది. సైన్యానికి కావలసిన గుణం అదే. తరువాత టాక్సీవాలాకు పనికివచ్చింది కూడా అదే.

కష్టం ఎక్కడంటే, రెండు సిలిండర్లకూ కార్బురేటరు ఒక్కటే. రెండింటి మధ్యన కూర్చుని, రెండు కొమ్మల గొట్టం ద్వారా అటూ ఇటూ మిశ్రమం పంపుతుంది. పీల్చడం కూడా కుంటినడకే కనుక రెండు సిలిండర్లకూ సమానంగా అందదు. పైగా ముందు సిలిండరు గాలికి అడ్డం నిలబడుతుంది కాబట్టి వెనుకది ఎప్పుడూ ఎక్కువ వేడెక్కుతుంది. ప్లగ్గులు విప్పి పక్కపక్కన పెడితే రెండూ ఒకే రంగులో కనిపించడం అరుదు. మజ్జిగలాగే మిశ్రమం చిక్కగానో పలచగానో ఉంటుంది. పెట్రోలు పాలు ఎక్కువైతే చిక్కన, ప్లగ్గు మసిపట్టి నల్లగా ఉంటుంది. తక్కువైతే పలచన, ప్లగ్గు సున్నం రాసినట్టు తెల్లబడుతుంది. సరిగా ఉంటే లేత గోధుమరంగు. వెనుక ప్లగ్గు గోధుమరంగుకు వచ్చిందా అని చూసి సూది తిప్పేవాడు ఉస్తాద్. ముందుది కాస్త నల్లగా ఉన్నా పట్టించుకునేవాడు కాదు. వేడికి చచ్చేది వెనుక పిస్టను గనుక, లెక్క దాని వైపు నుంచే మొదలుపెట్టాలి.

ఇక్కడ బుల్లెట్ నడిపిన మన సభ్యులకు ఒక తమాషా చెప్పాలి. మద్రాసులో 1955 నుంచి తయారైన బుల్లెట్‌కు ఆమాల్, తరువాత మిక్‌కార్బ్ కార్బురేటర్లు ఉండేవి. వాటిలో స్లో దగ్గర తిప్పే స్క్రూ గాలిని సర్దుతుంది. లోపలికి బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం చిక్కనవుతుంది. హార్లేకు ఉండే లింకర్ట్ కార్బురేటరులో సూది పెట్రోలును సర్దుతుంది. లోపలికి బిగిస్తే పలచనవుతుంది. ఒకదాని అలవాటుతో మరొకదాని మీద చెయ్యి వేసిన మెకానిక్కు, బాగుచేస్తున్నాననుకుంటూ ఇంజనును కాల్చేస్తాడు. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లకు ఉస్తాద్ చెప్పే మొదటి పాఠం ఇదే.

రెండో పాఠం గాలి లీకు. రెండు కొమ్మల గొట్టం సిలిండర్లకు కలిసే చోట నట్టు ఏమాత్రం వదులైనా పక్కదారిన గాలి లోపలికి పోతుంది. అప్పుడు సూది ఎంత తిప్పినా స్లో నిలబడదు. ఇంజను నడుస్తుండగా ఆ అతుకుల మీద నూనె చుక్కలు వేసేవాడు. శబ్దం ఒక్క క్షణం మారిందంటే లీకు దొరికినట్టే. ముందు అది ఆపి, ఆ తరువాతనే కార్బురేటరు జోలికి వెళ్లాలి. ఇప్పటికీ పాత బండి ఉన్న ఎవరికైనా నేను చెప్పే సలహా ఇదే.

ఇక ఇంజను దింపి రీబోరు చేయడం. బోరు అరిగి, పొగ మొదలై, నూనె తాగడం ఎక్కువయ్యాక సిలిండర్లు లేతు షాపుకు వెళతాయి. 10 థౌ, 20 థౌ, 30 థౌ అని లెక్క. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇక కోయడానికి ఇనుము మిగలనప్పుడు లోపల స్లీవు దించి మళ్లీ మొదటి కొలతకు తెస్తారు. ఇదంతా యంత్రం పని, కొలత తెలిసినవాడు ఎవరైనా చేయగలడు. అసలు సంకటం ఇంజను బిగించి కిక్కు కొట్టిన తరువాత మొదలవుతుంది.

కొత్తగా కోసిన బోరు అద్దంలాగా నున్నగా ఉండదు, ఉండకూడదు కూడా. హోనింగ్ రాయితో అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెడతారు. ఆ గీతలలో నూనె నిలుస్తుంది, వాటి మొనల మీద రింగులు ఒరుసుకుని బోరు గుండ్రానికి సరిగ్గా అమరుతాయి. ఈ అమరిక మొదటి కొన్ని వందల మైళ్లలో జరిగితే జరిగినట్టు, లేకపోతే మళ్లీ ఇంజను దింపవలసిందే. ఎక్కువ బరువు వేసి తోలితే వేడికి పిస్టను ఉబ్బి పట్టేస్తుంది. మరీ సుకుమారంగా, స్లోలో నిలబెట్టి ఉంచితే రింగుల వెనుక ఒత్తిడి చాలదు. నూనె కాలి బోరు మీద నున్నని పొరకట్టి, రింగులు ఎప్పటికీ అమరవు. పసిపిల్లలాగా చూసుకోవాలని చాలామంది చెప్పే మాట నాకు నచ్చనిది ఇందుకే.

చిక్కు ఇక్కడే ఉంది. కార్బురేటరు సరిగ్గా ట్యూను చేయాలంటే ఇంజను బాగా వేడెక్కి, చాలాసేపు స్లోలో తిరగాలి. కొత్త బోరుకు అదే విషం. ట్యూనింగు కోసం అరగంట నిలబెట్టి రేసు ఇస్తే, గీతలు పెట్టిన పని అక్కడే వృథా. పోనీ ట్యూను చేయకుండా రోడ్డు మీదికి పంపితే, మిశ్రమం పలచనయి పిస్టను కాలవచ్చు, మరీ చిక్కనయితే పెట్రోలు బోరు గోడల నూనెను కడిగేయవచ్చు. ఒకే ఇంజనుకు రెండు పనులు కావాలి, ఒకదానికి రెండోది పడదు.

దీనికి ఉస్తాద్ పద్ధతి నాకు బాగా జ్ఞాపకం. బిగించే ముందే సూదిని పాత అనుభవం ప్రకారం కొద్దిగా చిక్కన వైపు ఉంచేవాడు. కిక్కు కొట్టగానే ట్యాంకు మూత తీసి, కింది నుంచి నూనె తిరిగి వస్తోందా అని చూసేవాడు. వస్తే నాలుగైదు నిమిషాలలో ఆపేయించేవాడు. పూర్తిగా చల్లారనిచ్చి, హెడ్డు బోల్టులు మళ్లీ బిగించేవాడు. మరునాడు తెల్లవారుజామున, ట్రాఫిక్కు లేనప్పుడు, ఖాళీ బండిని రిడ్జ్ రోడ్డుకు తీసుకెళ్లేవాడు. కరోల్‌బాగ్ పక్కనే ఉన్న ఆ గుట్టల దారిలో ఎక్కుడు, దిగుడు రెండూ ఉన్నాయి. ఎక్కేటప్పుడు కొంచెం రేసు ఇచ్చి రింగుల మీద ఒత్తిడి తేవడం, దిగేటప్పుడు పూర్తిగా మూసేయడం. మూసినప్పుడు లోపలి పీల్పుకు నూనె పైకి ఎగబాకి బోరును తడుపుతుంది, చల్లబరుస్తుంది. టాపు గేరులో నీలగనివ్వడు. ఒకే వేగంలో మైలు దూరం పోనివ్వడు. 50 మైళ్లకు మొదటి నూనె తీసేసేవాడు. దాన్ని తెల్ల గుడ్డ మీద పోస్తే ఇనుప రజను మిలమిలలాడేది. ఆ తరువాత ఇద్దరు ప్రయాణికులతో, పిదప నలుగురితో. 500 మైళ్లు నిండాకే కార్బురేటరును తీరిగ్గా ట్యూను చేసి, వెనుక ప్లగ్గు రంగు చూసి, బండి అప్పగించేవాడు.

యజమానికి ఈ 500 మైళ్లు ప్రాణసంకటం. రోజుకు 50 మైళ్లు తిప్పినా పది రోజుల సంపాదన పోయినట్టే. ఇంజనుకు చేసిన ఖర్చు అప్పు తెచ్చినదైతే వడ్డీ కూడా. నేను చూస్తుండగానే ఒక యజమాని రీబోరు అయిన మూడో రోజున ఎనిమిది మందిని ఎక్కించాడు. మే నెల మధ్యాహ్నం. కన్నాట్ ప్లేస్ చేరకముందే వెనుక పిస్టను పట్టేసింది. తోసుకుంటూ తెచ్చారు. సిలిండరు విప్పితే బోరు నిలువునా గీసుకుపోయి ఉంది. ఉస్తాద్ ఏమీ అనలేదు. “పది రోజులు కుదరదన్నావు, ఇప్పుడు ఇరవై అయ్యాయి” అని మాత్రం అన్నాడు. అయినా ఆ యజమానిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఇంట్లో పొయ్యి ఆ బండి మీదనే వెలిగేది.

కొందరు షావుకార్లు దీనికి ఒక ఉపాయం చేసుకున్నారు. ఒక ఇంజను అదనంగా ఉంచుకునేవారు. ఒకటి బండిలో తిరుగుతుంటే మరొకటి షాపులో తయారవుతుంది. అందువల్ల రన్నింగ్ ఇన్ రోజులు తప్పకపోయినా, ఇంజను దింపి ఎక్కించే రోజులు కలిసివచ్చేవి. స్పేర్లకు కశ్మీరీ గేటు, కరోల్‌బాగ్ అంగళ్లు గాలించేవారు. దొరకనివి లేతు మీద చేయించేవారు.

1998లో ఢిల్లీ కాలుష్యం మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలు రోడ్డు దిగాయి. ఫట్‌ఫటీలు అందులో పోయాయి. ఆ గాలి పీల్చినవాడిగా ఆ తీర్పు అవసరమేనని ఒప్పుకుంటాను. ఆ ఇంజన్ల పొగ గురించి ప్రయాణికులకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? కాని వాటి మీద బతికిన డ్రైవర్లు, ఉస్తాద్ వంటి పనివారు ఒక్క ఏడాదిలో పాతవారైపోయారు. ఆ సంవత్సరమే ఢిల్లీలో సీసం కలిపిన పెట్రోలు అమ్మడం కూడా ఆగింది. సీసం లేని పెట్రోలుతో ప్లగ్గు వెనుకటి రంగు చూపదు. ఉన్న పనివారు కూడా రంగును కొత్తగా చదవడం నేర్చుకోవలసి వచ్చింది.

హార్లే కంపెనీ 2010లో మన దేశంలో అధికారికంగా అమ్మకాలు మొదలుపెట్టి, హైదరాబాదులోనూ షోరూము తెరిచింది. ఆ బళ్లు కూడా వి-ట్విన్‌లే, 45 డిగ్రీలవి చాలా ఉన్నాయి. కార్బురేటరు మాత్రం లేదు, ఫ్యూయల్ ఇంజక్షను వచ్చింది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 నిబంధనలు వచ్చాక మన మామూలు మోటారుసైకిళ్లలోనూ కార్బురేటరు దాదాపుగా కనుమరుగైంది. స్లో సర్దడం, మిశ్రమం కలపడం ఇప్పుడు కంప్యూటరు పని. రింగులు బోరుకు అమరే పని మాత్రం ఏ కంప్యూటరూ చేయలేదు. మా మనవడు కొన్న కొత్త బండి పుస్తకంలోనూ మొదటి కిలోమీటర్లకు వేగం హద్దు రాసే ఉంది. వాడు ఆ పేజీ చదవలేదు, నేను చదివి వినిపించాను.

పాత ఫట్‌ఫటీల ఇంజన్లు కొన్ని ఇప్పుడు పాత బళ్లు సేకరించేవారి దగ్గర ఉన్నాయి. వెనుక ఫ్రేము కోసేసినవి కనుక వారికి దొరికేది ఇంజను, ట్యాంకు, ముందు ఫోర్కు. మిగతాది చేయించుకోవలసిందే. అలా నిలబెట్టిన ఒక బండిని నేను హైదరాబాదులో చూశాను. యజమాని కొత్త రింగులు వేయించి అప్పటికి 120 మైళ్లు తిప్పాడట. వెనుక ప్లగ్గు విప్పి చూపించమన్నాను. కాస్త తెల్లగా ఉంది. సూదిని ఎటు తిప్పాలో చెప్పి వచ్చాను.