కృప వలన రక్షణ

మనిషి తన పుణ్యకార్యాల బలంతో కాక, దేవుడు ఉచితంగా చూపే కృప వల్లనే పాపం నుంచి విడుదల పొందుతాడనే క్రైస్తవ సిద్ధాంతం. రోమా, గలతీ, ఎఫెసీ పత్రికలు దీనికి ప్రధాన ఆధారాలు. లూకా సువార్తలో యేసు పక్కన సిలువపై ఉన్న నేరస్థుడిని బోధకులు తరచూ ఉదాహరిస్తారు. ప్రాణం పోతున్న ఆ మనిషికి ఒక్క మంచిపని చేసే వ్యవధి కూడా లేదు. నన్ను జ్ఞాపకం చేసుకొమ్మని అడిగాడు, పరదైసు దక్కింది. ఈ సిద్ధాంతపు సారమంతా నిజానికి ఆ ఘట్టంలోనే ఉంది.

రక్షణ విషయంలో మనిషి సంకల్పబలానికి పెద్దపీట వేసిన పెలాగియస్‌ను అగస్టీన్ ఎదిరించాడు. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధను ఖండించింది. 1517లో పాపశిక్ష తగ్గింపు పత్రాల అమ్మకాన్ని మార్టిన్ లూథర్ ప్రశ్నించడంతో వివాదం మళ్లీ రగిలింది.

కాథలిక్కులు క్రియలతోనే రక్షణ అంటారన్న ప్రచారం సరికాదు. కృప లేని క్రియలు ఎవరినీ నీతిమంతులను చేయవని 1547లో వారి ట్రెంట్ సభ కూడా తేల్చింది. అది తోసిపుచ్చింది విశ్వాసం ఒక్కటే చాలునన్న వాదాన్ని. క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు పత్రికను ప్రొటెస్టెంట్లూ కాదనరు. సత్‌క్రియలు రక్షణకు మూల్యం కావు, ఫలమంటారు.

1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం ఈ అంశంపై ఉమ్మడి ప్రకటన చేశాయి. 1842లో గుంటూరులో మొదలైన లూథరన్ మిషన్ నుంచి ఎదిగిన ఆంధ్ర ఇవాంజలికల్ లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్య సంఘం.