ఆ ఉత్తరం ఎందుకు చేరలేదు?

కొన్నేళ్ళ క్రితం ఒక ఉచిత వేగు సేవ మూతపడింది. దానితోబాటు మిత్రులతో నేను నడిపిన ఎనిమిదేళ్ళ ఉత్తర ప్రత్యుత్తరాలూ పోయాయి. ఇకమీదట నా ఉత్తరాలు నా చెంతనే ఉండాలని నిశ్చయించుకొని, ఒక చిన్న సర్వరును అద్దెకు తీసుకొని, అందులో పోస్ట్‌ఫిక్స్ అనే తపాలా సాఫ్టువేరును నెలకొల్పాను. దూరాన ఉన్న ఒక మిత్రునికి తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాసి పంపాను. ఆ నాలుగు వాక్యాలు ఆయనకు చేరడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులలో నేను దిద్దుకున్న ఒక్కొక్క పొరపాటు వెనుక ఒక్కొక్క చరిత్ర ఉన్నదని తెలిసివచ్చింది.

వేగుకు మూలపురుషుడు రే టామ్లిన్‌సన్. 1971లో ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి ఉత్తరం పంపి, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ @ గుర్తును నిలిపినవాడు ఆయనే. అయితే ఉత్తరాల బట్వాడాకు నేటికీ ఆధారమైన మర్యాదలను 1982 ఆగస్టులో వ్రాసిపెట్టినవాడు జాన్ పోస్టెల్. ఎస్‌ఎంటీపీ అనే ఆ పద్ధతి ఇద్దరు పెద్దమనుషుల సంభాషణలా ఉంటుంది. వచ్చిన యంత్రం 'హెలో' అని తన పేరు చెప్పుకుంటుంది. ఉత్తరం ఫలానావారి నుంచి, ఫలానావారికి అంటుంది. ఉత్తరమంతా వినిపించి, చివర ఒక పంక్తిలో ఒంటి చుక్క పెడుతుంది. అవతలి యంత్రం '250' అని అంగీకారం తెలుపుతుంది. చెప్పిన పేరు నిజమేనా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. నాటి ఆర్పానెట్‌లో ఉన్నవి కొన్ని వందల యంత్రాలు మాత్రమే. ఒకరినొకరు ఎరిగిన ఊళ్ళో తలుపులకు గడియలెందుకు?

పొరుగూరికి పోయేవారి చేతికి మన ఉత్తరం కూడా ఇచ్చి పంపే అలవాటు వెనుకటి రోజులలో ఉండేది. యంత్రాలూ అలాగే చేసేవి. ఎవరు ఏ ఉత్తరం తెచ్చి ఇచ్చినా ముందుకు చేరవేయడం మర్యాదగా భావించేవి. బెర్క్‌లీలో ఎరిక్ ఆల్మన్ రూపొందించి 1983లో బీఎస్‌డీ యూనిక్స్‌తోబాటు వెలువరించిన సెండ్‌మెయిల్ కూడా చాలాకాలం ఈ మర్యాదనే పాటించింది. 1990ల మధ్యకు వచ్చేసరికి వ్యాపార ప్రకటనలు గుప్పించేవారు ఈ మంచితనాన్ని వాడుకోసాగారు. ఊరూపేరూ లేనివారి లక్ష ఉత్తరాలను ఏ విశ్వవిద్యాలయపు సర్వరో రాత్రంతా మోసేది. చివరకు 1998లో వెలువడిన సెండ్‌మెయిల్ 8.9, అపరిచితుల ఉత్తరాలను చేరవేయడాన్ని తనంతట తానే నిరాకరించసాగింది.

నా మొదటి పొరపాటు ఇక్కడిదే. పోస్ట్‌ఫిక్స్ కూడా ఈ నియమాన్నే పాటిస్తుంది. ఇంటి కంప్యూటరు నుంచి నేను పంపిన ఉత్తరాన్ని నా సర్వరే '554' అంటూ తిప్పికొట్టింది. దాని దృష్టిలో నేనూ దారిన పోయేవాడినే! సొంతవారు సంకేతపదం చెప్పి లోనికి వచ్చేందుకు వేరే ద్వారం ఉంది. దానికి 587వ పోర్టును 1998 డిసెంబరులోనే కేటాయించారు. ఆ ద్వారం తెరిచాక నా సర్వరు నన్ను గుర్తుపట్టింది.

ఉత్తరం గడప దాటింది గానీ వీధి దాటలేదు. సర్వరు వ్రాసుకునే చిట్టాలో 'గడువు మించిపోయింది' అన్న ఒకే మాట. వైరస్ సోకిన కంప్యూటర్లు యజమానికి తెలియకుండానే చెత్త ఉత్తరాలు వెదజల్లడం 2003 నాటికి పెద్ద బెడద అయింది. అందుకే చాలా సంస్థలు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే 25వ పోర్టును మూసి ఉంచుతాయి. నాకు సర్వరు అద్దెకిచ్చినవారూ అంతే. విన్నపం పంపి, సంజాయిషీ వ్రాసి, దానిని తెరిపించుకున్నాను. నా సర్వరు అంకెల చిరునామాను అడిగితే నా డొమైను పేరే జవాబుగా వచ్చేటట్లు చేయడం కూడా వారి చేతిలోనే ఉంది. అదీ అడిగి చేయించుకున్నాను.

తరువాత వచ్చిన జవాబు '450'. ఇప్పుడు కాదు, మళ్ళీ రమ్మని. కంగారుపడి సెట్టింగులన్నీ కెలికి, బాగున్నవాటిని పాడుచేశాను. నిజానికి అది 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించిన ఉపాయం. తెలియనివారిని ఒకసారి వెనక్కి పంపితే, నిజమైన తపాలా యంత్రం ఓపికగా తిరిగి వస్తుంది, చెత్త పంచేవాడు రాడు. దానికి మందు ఊరక కూర్చోవడమే. ఆ చికిత్స నాకు తట్టలేదు.

చివరకు ఉత్తరం చేరింది, కానీ చెత్తబుట్టకు. ఏ యంత్రాలు మన పేరిట ఉత్తరాలు పంపవచ్చునో చాటే ఎస్‌పీఎఫ్ 2006లోనూ, ఉత్తరానికి గూఢలిపి ముద్ర వేసే డీకిమ్ 2007లోనూ నియమపత్రాలుగా వెలువడ్డాయి. రెండూ అమర్చాను, అయినా ముద్ర చెల్లలేదు. రెండు రోజులు వెదికాక కారణం దొరికింది. ముద్రను పరీక్షించే తాళంచెవిని డీఎన్ఎస్ పట్టికలో ప్రకటించాలి. అందులో ఒక్కొక్క పదబంధం 255 బైట్లకు మించరాదని 1987 నాటి నియమం. నా 2048 బిట్ల తాళంచెవి అంతకన్నా పొడవైనది, చివర తెగిపోయింది. రెండు ముక్కలుగా విడదీసి వ్రాయగానే ముద్ర చెల్లింది.

ఇన్ని అడ్డంకులలోనూ ఒక్కటి మాత్రం నన్ను పీడించలేదు. నా తెలుగు. 1982 నాటి పద్ధతి ఏడు బిట్ల ఆంగ్లాక్షరాలను మాత్రమే మోయగలిగేది. అందుకే 1990ల తొలినాళ్ళలో ప్రవాసాంధ్రులు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, రోమను అక్షరాల ముసుగులో తెలుగు వ్రాసుకున్నారు. 1992లో వచ్చిన మైమ్ ఆ బిగింపును సడలించింది. యూటీఎఫ్-8లో మూడు బైట్లయ్యే ప్రతి తెలుగు సంకేతమూ నాలుగు ఆస్కీ గుర్తులుగా మారి ఆ పాత దారిలోనే ప్రయాణించి, అవతల మళ్ళీ తెలుగవుతుంది. మనుషుల మీద నమ్మకం సన్నగిల్లుతున్న కాలంలోనే మన లిపికి దారి విశాలమైంది.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వంటి పెద్ద సంస్థలు ఈ ముద్రల విషయంలో నియమాలను మరింత కఠినం చేశాయి. వారిని తప్పుపట్టలేను, చెత్తను ఆపవలసిందే. కానీ ఒకరి మోసానికి కట్టిన గోడను ఎక్కవలసింది మాత్రం నాలుగు వాక్యాలు పంపుకునే సామాన్యుడే. అలసిపోయినవాడు తిరిగి ఏదో పెద్ద ఇంటి అరుగు మీదకు చేరుతాడు. ఆ ఇల్లు మూతపడిన నాడు ఎనిమిదేళ్ళ ఉత్తరాలు పోగొట్టుకుంటాడు.

అయినా తపాలా ఇంకా ఎవరి సొత్తూ కాలేదు. పోస్టెల్ పలకరింపు రవంత మారినా, తన పేరు చెప్పుకొని ఎవరైనా తలుపు తట్టవచ్చు. పన్నెండవ రోజున మిత్రుని జవాబు వచ్చింది: "అందింది. ఇన్నాళ్ళూ ఏమైపోయావు?" ఆ ఉత్తరం నా సర్వరులో భద్రంగా ఉంది.