నేరమునకు మూలము మనస్సు

చేయి చేసిన పనిని మాత్రము చూచి మనుష్యుని నేరస్థుడనుట న్యాయమా? తగవులు తీర్చు పెద్దలు విచారింపవలసిన ప్రశ్న యిది. బడిలో విద్యార్థులకు నేను పలుమారులు చెప్పిన యొక వృత్తాంతమును మనవి చేసెదను.

1843 జనవరిలో లండను నగరమున డేనియల్ మెక్‌నాటన్ అను కొయ్యపనివాడు, ప్రధానమంత్రి పీలుగారే యనుకొని, ఆయన కార్యదర్శియైన డ్రమ్మండును తుపాకితో కాల్చెను. కొలది దినములకే డ్రమ్మండు మరణించెను. పీలుగారి పక్షమువారు తన్ను వెంటాడి హింసించుచున్నారని హంతకుని భ్రమ. వైద్యుల సాక్ష్యము విని జ్యూరీ వానిని నిర్దోషి యనెను. ఉరికంబమునకు బదులు వాడు పిచ్చియాసుపత్రికి పంపబడెను. దేశము మండిపడెను.

అంతట ప్రభువుల సభ యడుగగా న్యాయాధిపతు లిట్లు చెప్పిరి: ప్రతివాడును మతి గలవాడనియే తలపవలెను, అయినను మనోవ్యాధిచే తాను చేయున దేమో, అది తప్పో కాదో యెరుగడని రుజువైనచో వానిని శిక్షింపరాదు.

మన 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షనున ఇంచుమించుగ నీ సూత్రమే యుండెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిది 22వ సెక్షను. ఏడేండ్లు నిండని బిడ్డ చేసినది నేరము కాదనుటకును మూల మిదియే. కోపమునకు గాని, తానై త్రాగిన మత్తునకు గాని ఈ రక్షణ లేదు.

కావున ఏమి చేసెనని యడిగిన పిదప, ఏమి యెరిగి చేసెనని కూడ నడుగుడు. ఆ రెండవ ప్రశ్న విడిచిన తీర్పు న్యాయము కానేరదు.